మూడడుగుల ఎత్తు దాకా

మద్రాసు చూలైలో అద్దె ఇల్లు ఖాళీ చేసే రోజున ఒక పంచాయితీ తప్పదు. ఓనరు వస్తాడు, కుళాయిలు తిప్పి చూస్తాడు, ఫ్యాన్లు లెక్కపెట్టుకుంటాడు, ఆఖరికి హాల్లో గోడ ముందు నిలబడిపోతాడు. నేల దగ్గర్నుంచి మూడడుగుల ఎత్తు దాకా పెన్సిలు గీతలు, క్రేయాన్ సున్నాలు, ఓ మూల బాల్‌పెన్నుతో అదిమి గీసిన సూర్యుడు. ఆ పైన గోడ ఏమీ ఎరగనట్టు తెల్లగా ఉంటుంది. పెయింటు ఖర్చు అడ్వాన్సులోంచి కోసుకుంటాడు. అవధానం పాపయ్య వీధి దగ్గర మేమున్న ఇల్లు వదిలినప్పుడు మాకూ ఆ కోత పడింది. పాపయ్య పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ దొరల దగ్గర చక్రం తిప్పిన తెలుగు దుబాసీ. ఇంగ్లిషు బోర్డుల మీద ఆయన పేరు ‘పేపియర్’ అయి కూర్చుంది. ఫ్రెంచిలో ఆ మాటకు కాయితమని అర్థం. కాయితం పేరున్న వీధిలో ఉంటూ మా మనవరాలు గోడ మీదే గీసింది.

గోడల కింది భాగాన్ని శ్రద్ధగా చూసిన తొలి పెద్దమనుషుల్లో ఒకాయన ఇటలీవాడు, కొరాడో రిచ్చి. 1882-83 చలికాలంలో బొలోన్యా ఊళ్లో వాన పట్టుకుంటే తల దాచుకోవడానికి ఒక మంటపం కిందికి చేరాడు. వాన వెలిసే దాకా చేసే పని లేక గోడ చూస్తూ నిలబడ్డాడు. చేయెత్తు వరసల్లో పెద్దవాళ్ల రాతలు, వాటికి బాగా కింద పిల్లల బొమ్మలు. పైవాటి కంటే కిందివే ఆయనకు నచ్చాయి. ఇంటికెళ్లి పిల్లల బొమ్మలు పోగుచేశాడు, 1887లో వాటి మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. పిల్లలు కంటికి కనబడింది గీయరు, తమకు తెలిసింది గీస్తారని అందులో తేల్చాడు. ఓడ గీస్తే ఓడ చెక్కల వెనక ఉన్న మనుషులు కూడా కనిపిస్తారు. ఉన్నారు కదా మరి!

అసలు పిల్లలు ఎందుకు గీస్తారు? చెయ్యి ఆడించడం సరదా కాబట్టి అనుకుంటాం. 1968లో జేమ్స్ గిబ్సన్, పెట్రీషియా యోనాస్ అనే ఇద్దరు ఈ సంగతిని చక్కగా పరీక్షించారు. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లల చేతికి గీత పడే పెన్సిలు ఒకసారి, చూడ్డానికి అలాగే ఉండి గీత పడనిది ఒకసారి ఇచ్చారు. గీత పడనిదాన్ని పిల్లలు కాస్త ఆడించి పక్కన పడేశారు. చెయ్యి ఆడటం రెండింటిలోనూ ఒకటే. తేడా అల్లా గీత మిగలడం, మిగలకపోవడం. తన చెయ్యి కదిలిన జాడ తన ఎదుటే నిలిచిపోవడం, అదీ వాళ్లకు కావలసింది. ఈ లెక్కన గోడ పాడుచేసిన పిల్ల అల్లరి చేసినట్టు కాదు. లోకం మీద తన గుర్తు పడుతుందా లేదా అని చూసుకుంటోంది.

ఆ వయసు చెయ్యి మన చెయ్యి లాంటిది కాదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టేనాటికి అవి ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ ఆఖరుది కుదురుకునేసరికి తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య వయసు వచ్చేస్తుంది. అందుకే రెండేళ్ల పిల్ల సుద్దముక్కను పిడికిట్లో బిగించి భుజం నుంచి గీస్తుంది. తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత మణికట్టు, చివరికి వేళ్లు. భుజంతో గీసేవాళ్లకు జానెడు కాయితం చాలదు. వాళ్లకు నాలుగు గీతల కాపీ పుస్తకం ఇవ్వడమంటే ఏనుగును తులసికోట చుట్టూ తిప్పడమే. కావలసింది గోడంత జాగా, నేలంత జాగా. మేడమీద ఎండిన సిమెంటు మీద చెంబుడు నీళ్లూ, పాత పెయింటు కుంచే ఇచ్చి చూడండి. మద్రాసు ఎండకు మొదట గీసింది ఆరిపోతుంటే, ఆరినచోట మళ్లీ గీస్తూ ఒక గంట గడిచిపోతుంది. ఓనరుకు చెప్పుకోవలసిన పనీ లేదు.

నిజానికి చూలై తెలుగిళ్లల్లో బొమ్మ గీయడం కొత్తగా తెచ్చిపెట్టుకునే విద్య కాదు. పొద్దున్నే గడప ముందు జరిగేదే. అవ్వ నీళ్లు చల్లి, ముగ్గు డబ్బా తీసుకుని వంగుతుంది. “ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందుచుక్క” అని తనలో తాను అనుకుంటూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి పిండి జారవిడుస్తుంది. నడిమి వరసలో ఏడు, దానికి అటూ ఇటూ ఆరేసి, ఐదేసి, నాలుగేసి. మొత్తం ముప్ఫై ఏడు. ఎందుకు ముప్ఫై ఏడు? కంచంలో కందిపప్పు పోసి మనవరాల్ని పేర్చమనండి. మధ్యలో ఒక బద్ద. దాని చుట్టూ ఆరు. వాటి చుట్టూ పన్నెండు. ఆ చుట్టూ పద్దెనిమిది. కూడితే ముప్ఫై ఏడు, ఆకారం తేనెపట్టులో గది. ఐదు చుక్కలు మూడు దాకా అయితే పంతొమ్మిది, మూడు చుక్కలు రెండు దాకా అయితే ఏడు. ఈ లెక్క అవ్వకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు, ఆమె చేతికి తెలుసు.

ఆ చేతికి తెలిసినదాన్ని లెక్కల్లోకి దించినవాళ్లు మద్రాసులోనే ఉన్నారు. తాంబరం క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో ఒక పరిశోధన పత్రం రాశారు. వాక్యాలకు వ్యాకరణం ఉన్నట్టే కోలానికీ, అంటే తమిళుల ముగ్గుకీ, ఉందని, కొన్ని చిన్న సూత్రాలను మళ్లీ మళ్లీ వాడితే చిన్న ముగ్గు నుంచి పెద్ద ముగ్గు పుట్టుకొస్తుందని చూపించారు. కంప్యూటర్ శాస్త్రంలో కోలానికి పీట వేసింది అలాంటి పనే. అవ్వ ముగ్గేసి లేచాక మా పిల్ల వెళ్లి ఆ తేనెపట్టుకు రెండు కాళ్లు తగిలించింది. వీధిలో పోయే పాలవాడు చూసి నవ్వాడు. అవ్వ చెరపలేదు. నా దృష్టిలో ఆ రోజు ఇంట్లో జరిగిన పెద్ద చదువు అదే.

ఆ కాళ్ల సంగతి చెప్పాలి. మూడు, నాలుగేళ్లప్పుడు పిల్లలు మనిషిని గీస్తే ఒక గుండ్రం, దానికి వేలాడే రెండు కాళ్లు. తోకకప్ప లాంటి ఈ మనిషికి మెడా ఉండదు, పొట్టా ఉండదు. చేతులుంటే చెవుల దగ్గర్నుంచి మొలుస్తాయి. తల్లి చూసి కంగారుపడుతుంది, “పొట్టేదే?” అంటుంది. అలా కాకుండా “దీనికి బొడ్డు పెట్టు” అని అడిగి చూడండి. కొందరు గుండ్రంలోనే కళ్ల కింద పెడతారు, కొందరు రెండు కాళ్ల మధ్య ఖాళీలో పెడతారు. అంటే పొట్ట మరిచిపోలేదన్నమాట. మొదటివాళ్లకు ఆ గుండ్రమే తలా, పొట్టా. రెండోవాళ్లకు గీయని జాగాలో పొట్ట ఉంది. తక్కువ గీతలతో పని కానిచ్చేసుకున్నారు, అంతే. శాన్‌ఫ్రాన్సిస్కోలో రోడా కెల్లాగ్ అనే ఆవిడ లక్షల సంఖ్యలో పిల్లల బొమ్మలు పోగుచేసి, పిచ్చిగీతలన్నీ ఇరవై రకాలే అని 1969లో పుస్తకం రాసింది. ఆ ఇరవైని మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు గాని, పిచ్చిగీత అనే మాట మాత్రం ఆమె తర్వాత కాస్త సిగ్గుపడింది.

మా మనవరాలికి ఐదు నిండాక షేర్ ఆటో గీసింది. పురసవాక్కం వెళ్లొచ్చిన సాయంత్రం, తేదీ కేలండరు చించిన కాయితం వెనక. మద్రాసు ఇళ్లల్లో గోడకు వేలాడే ఆ కేలండరు ఏడాదికి 365 కాయితాలు ఉచితంగా ఇస్తుంది, రోజుకొకటి. పారేయకండి. ఆ బొమ్మలో ఆటో మూడు చక్రాలూ ఒకే వరసలో, మూడూ నిండు గుండ్రాలే. తలుపులోంచి డ్రైవరు, అమ్మ, నేను, ఇంకో ఏడుగురు, అందరూ కాళ్లతో సహా. అమ్మ పొట్టలో రెండు చిన్న సున్నాలు. పొద్దున తిన్న ఇడ్లీలట. “తలుపు వేసుంటే నేనెట్లా కనిపిస్తానే?” అన్నాను. నా వైపు జాలిగా చూసి, “తాతా, నువ్వు లోపల లేవా ఏంది?” అంది.

రిచ్చి చూసిన ఓడ ఇదే. దీన్ని సిద్ధాంతంగా చెప్పినవాడు ఫ్రెంచి తత్వవేత్త జార్జ్ అన్రీ లూకే. కూతురు సిమోన్ చిన్నప్పటి నుంచి గీసినవన్నీ తేదీలతో సహా దాచి 1913లో పుస్తకం చేశాడు. ఇంట్లో ఒక్క పిల్లను గమనించి కూడా శాస్త్రం రాయొచ్చని ఆ పుస్తకం చూపిస్తుంది. కళ్లతో చూసేది ఒక వాస్తవం, బుద్ధికి తెలిసేది ఇంకో వాస్తవం. ఏడెనిమిదేళ్ల దాకా పిల్లలు రెండోదానికే ఓటేస్తారన్నాడు. ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చెవి ఉన్న కప్పు ఒకటి కావాలి, టంబ్లరు పనికిరాదు. చెవి వెనక్కి పోయి కనబడకుండా, పక్కనున్న పువ్వు గుర్తు కనబడేలా పెట్టి, కనిపించేది గీయమనండి. 1972లో ఫ్రీమన్, జానికూన్ అనే ఇద్దరు ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల చేత ఇదే చేయించారు. చిన్నవాళ్లు కనబడని చెవిని గీశారు, కనబడే పువ్వును వదిలేశారు. కప్పును కప్పు చేసేది చెవి గాని పువ్వు కాదు గదా! ఎనిమిదేళ్లు దాటినవాళ్లు చెవి వదిలి పువ్వు గీశారు. ఐదేళ్ల పిల్ల గీసిన చెవిని రబ్బరుతో తుడిచి “సరిగ్గా చూడు” అనే పెద్దవాడు, తప్పు దిద్దుతున్నాననుకుంటూ ఒక నిర్వచనాన్ని చెరిపేస్తున్నాడు.

దీనికంటే పెద్ద ప్రమాదం పోటీల హాల్లో ఉంటుంది. పంద్రాగస్టు, నవంబర్ 14, కాలనీ వార్షికోత్సవం, అన్నిటికీ డ్రాయింగ్ పోటీ. వంద మంది పిల్లలు వరసగా కూర్చుని రెండు కొండలు, నడుమ సూర్యుడు, కొండల్లోంచి వంకర ఏరు, ఒడ్డున గుడిసె, కొబ్బరిచెట్టు గీస్తారు. చూలైలో పుట్టి పెరిగిన పిల్లకు తెలిసిన కొండ మహా అయితే పరంగిమలై. అందులోంచి ఏ ఏరూ పారదు. ఆ బొమ్మ ఎవరో నేర్పింది, బహుమతి వచ్చే బొమ్మ.

బహుమతి ఏం చేస్తుందో చూపిన ప్రయోగం ఒకటి చాలా పేరుపొందింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో, స్కెచ్‌పెన్నులతో గీయడమంటే మామూలుగానే ఇష్టపడే 51 మంది పిల్లల్ని లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ఎంచుకున్నారు. కొందరికి ముందే చెప్పారు: బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్టు ఇస్తామని. కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు. కొందరికి అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత తరగతిలో పెన్నులు మామూలుగా బల్ల మీద పెట్టి, ఎవరు ఎంతసేపు గీస్తున్నారో దూరం నుంచి లెక్కకట్టారు. సర్టిఫికెట్టు రానివాళ్లు ఆటసమయంలో 16.7 శాతం గీతలకే వాడారు. అనుకోకుండా పుచ్చుకున్నవాళ్లు 18.1 శాతం. ముందే ఆశ పెట్టుకుని గీసినవాళ్లు 8.6 శాతం, సగం. పైగా సర్టిఫికెట్టు కోసం గీసినవాళ్లు ఎక్కువ బొమ్మలు వేశారట, అవి బాగాలేవట. 1973లో వచ్చిన ఈ ఫలితం చదివాక నాకు మా ఇంట్లో చాక్లెట్టు లంచాలన్నీ గుర్తొచ్చాయి. ఇష్టమైన పనికి కూలి కడితే అది కూలి పని అయిపోతుంది. అనుకోకుండా ఇచ్చిన చాక్లెట్టుకు ఆ దోషం లేదు, అది గమనించాలి.

అలాగని పిల్లను గాలికొదిలేసి, ఎవరి బొమ్మా చూడనీయకుండా పెంచమనేవాళ్ల మాట నేను వినను. వియన్నాలో 1897లో పిల్లలకోసం కళాతరగతి తెరిచిన ఫ్రాంజ్ చిజెక్ దగ్గర్నుంచి ఈ వాదం ఉంది. 1977లో బ్రెంట్ విల్సన్, మార్జొరీ విల్సన్ దంపతులు దీనికి మంచి సమాధానమే ఇచ్చారు. పిల్లలు బొమ్మలు నేర్చుకునేది చెట్టునూ పుట్టనూ చూసి కాదు, ఇతరులు గీసిన బొమ్మలు చూసి. అది తప్పేమీ కాదు. అన్నం తినడం కూడా చూసే నేర్చుకున్నారు. తప్పల్లా ఒకే బొమ్మ చూపించడంలో ఉంది. కొండలూ సూర్యుడూ తప్ప ఇంకేమీ చూడని పిల్ల ఇంకేం గీస్తుంది?

ఆ మాటకొస్తే చూలై పిల్లలంత అదృష్టవంతులు తక్కువ. పెరియమేటు దాటితే, 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జను పెట్టిన బడి, ఈనాటి ప్రభుత్వ లలితకళల కళాశాల. దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకోవడానికి అంట్యాకుల పైడిరాజు విజయనగరం నుంచి ఇక్కడికే వచ్చాడు. ఇంకాస్త ముందుకెళ్తే ఎగ్మూరు మ్యూజియం. అందులో అమరావతి స్తూపం రాళ్లున్నాయి. కృష్ణ ఒడ్డున చెక్కిన ఏనుగులు, గుర్రాలు, జనం. ఆ సున్నపురాయి పలకల్లో కూడా ముందువాడి వెనక ఉన్నవాణ్ణి పైన పెట్టి చూపించారు. మా పిల్ల చూసి “ఆటోలో మాదిరే” అంది. ఒక్క ఆదివారం, ఒక్క పలక చాలు, అన్ని గదులూ తిప్పి కాళ్లు నొప్పి పుట్టించకండి.

పిల్లల బొమ్మకు ఇంటి బయట ఒక చోటు దొరికితే ఏమవుతుందో కూడా మద్రాసుకు తెలుసు. రేడియో అన్నయ్య, అక్కయ్య న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి ఇక్కడి నుంచే పిల్లల కోసం ‘బాల’ పత్రిక నడిపారు. 1945లో మైలాపూరు పి.ఎస్. హైస్కూల్లో చదివే సత్తిరాజు లక్ష్మీనారాయణ అనే కుర్రవాడి బొమ్మ అందులో అచ్చయింది. తోటి విద్యార్థి ముళ్లపూడి వెంకటరమణ కథా ఆ ఏడే వచ్చింది. ఆ కుర్రవాడు తర్వాత చదివింది న్యాయశాస్త్రం. ఐనా లోకానికి బాపుగానే తెలుసు.

ఇక ఇంట్లో సరుకుల మాట. రంగులు కొనాల్సిన పని ముందు రాదు, వంటింట్లో ఉన్నాయి. పసుపు నీళ్లలో కలిపి తెల్లకాయితానికి పూసి ఆరబెట్టండి. బట్టల సబ్బు అరగదీసిన నీళ్లలో కుంచె ముంచి దాని మీద గీస్తే గీత ఎర్రగా వస్తుంది. సాంబారు మరక పడ్డ చొక్కాకు సబ్బు రుద్దినప్పుడు ఎర్రబడటం చూడనివారెవరు? పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే రంగు మార్చుకుంటుంది. అదే గీత మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు. గీసేదొకటి, చెరిపేదొకటి, రెండూ కనపడని నీళ్లే. హారతి నీళ్లు ఎర్రబడటానికీ ఇదే కారణం, అక్కడ సబ్బు బదులు సున్నం. సున్నం మాత్రం పిల్లలకివ్వొద్దు, కంట్లో పడితే చాలా ప్రమాదం.

చివరిది మట్టి, దాన్ని చివరకు పెట్టింది ఊరి పేరు కోసం. తమిళంలో సూళై అంటే మన ఆవం, బట్టీ. పక్కనే కొసప్పేట, కుమ్మరుల పేట. బొమ్మల కొలువుకూ వినాయక చవితికీ మద్రాసంతా అక్కడికే వస్తుంది. చవితి ముందురోజు వీధిలో కూర్చుని తడిమట్టిని అచ్చులో అదిమి, ఒక్క తట్టుతో పిళ్లయారును, అంటే వినాయకుణ్ణి, బయటికి తీసి, కళ్లకు గురివింద గింజలు గుచ్చి, కాయితం గొడుగు చేతికిస్తారు. (గురివింద గింజ పప్పులో అబ్రిన్ అనే గట్టి విషం ఉంది. పండగ అయ్యాక ఆ రెండు కళ్లూ లెక్కపెట్టి తీసేయండి.) బొమ్మతో పాటు ఒక ముద్ద పచ్చిమట్టి అడిగితే, అడిగిన వాళ్లకు ఇస్తారు. ఆ మట్టి రేణువులు మిల్లీమీటరులో అయిదు వందలో వంతు కూడా ఉండవు, పైగా పలకల్లా బల్లపరుపుగా ఉంటాయి. నడుమ నీటి పొర ఉన్నంతసేపూ పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారతాయి. అందుకే వేలు ఎటు నొక్కితే అటు పోతుంది, పోయి అక్కడే ఆగుతుంది. నీరు ఆరితే గట్టిపడుతుంది, తడిపితే మళ్లీ ముద్ద. ఆవంలో పెట్టి అయిదారు వందల డిగ్రీలు దాటిస్తే రేణువుల లోపల కట్టుబడి ఉన్న నీరు కూడా వెళ్లిపోతుంది, ఆ తర్వాత అది కుండ. ఎంత నానబెట్టినా మట్టి కాదు.

మా ఇంట్లో వినాయకుణ్ణి మూడో రోజు బకెట్లోనే కలుపుతాం. మర్నాటికి పైన తేటనీరు, అడుగున బురద. నీళ్లు మొక్కలకు పోసి, బురద పాత తువ్వాల్లో వేసి మేడమీద సగం ఆరనిచ్చి పిల్ల ముందు పెట్టాను. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఆటో తయారైంది. మూడు చక్రాలూ ఒకే వరసలో. లోపల పదకొండు ముద్దలు కుక్కి ఉన్నాయి. ఇది ఎవరని అడగబోయి ఆగాను.

“ముందు ఎవర్ని ఎక్కించావే?”

“వినాయకుణ్ణి. మళ్లీ రావద్దా ఏంది?”